వీధిదీపం కింద చదువు

"నా పుస్తకం ఎంతవరకు చదివావక్కా?" తమ్ముడు గుమ్మంలోనే అడిగాడు.

అక్క కుట్టుమిషను ముందు కూర్చుని, అచ్చయి వచ్చిన అతని ఆత్మకథను ఒళ్లో పెట్టుకుని ఉంది. ఎవరి నవలైనా మొహమాటం లేకుండా తూకం వేసి చెప్పే మనిషి. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే అయినా, పుస్తకాల విషయంలో ఆమె మాటే అతనికి లెక్క.

"అయిపోయింది. వీధిదీపం కింద చదువుకున్నావట?"

"ఆ అధ్యాయానికి అందరూ ఏడ్చారు తెలుసా!"

"మన వీధికి దీపమెక్కడిదిరా?"

తమ్ముడు నవ్వబోయి ఆగిపోయాడు.

"కుట్టుపని ఉందంటేనే ఇంటి ఓనరు రాత్రిళ్లు లైటు వేయనిచ్చేవాడు. నీ పరీక్షలప్పుడు పని లేకపోయినా పాతగుడ్డలే కుట్టి, విప్పి, మళ్లీ కుట్టేదాన్ని. నువ్వు ఈ మిషను పక్కనే చదివావు."

"అది రాస్తే ఎవరు నమ్ముతారక్కా? వీధిదీపమంటే అందరికీ తెలిసిన కథ."

అక్క ఒళ్లోని పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పింది.

"పోనీ, రెండో ముద్రణలో మార్చేస్తాలే. ముందు పుస్తకం ఎలా ఉందో చెప్పు."

ఆమె పుస్తకం మూసి అతని చేతిలో పెట్టింది.

"బాగానే రాశావు. పాపం, ఆ పిల్లాడికి ఒక అక్క ఉండి ఉంటే బాగుండేదనిపించింది."