పదకొండు మెలికలు

"పేర్లు గీర్లు ఏమీ ఉండవు ఆంటీ. ట్యాగ్ మీద కంపెనీ పేరొక్కటే ఉంటుంది," అన్నాడు అభినవ్, దానమ్మతో.

తెనాలి పక్కన అంగలకుదురులో అతను బొంతల షెడ్డు పెట్టి ఏడాదైంది. అంతకుముందు ఊటీలో హాస్టలు చదువు, బెంగళూరులో ఉద్యోగం. తండ్రి పున్నారావు తన పసుపు గోడౌను ఖాళీ చేసి ఇచ్చాడు. పాత చీరల ముక్కలు పైన, దూది మధ్యన, ముతక గుడ్డ అడుగున. మన అమ్మమ్మలు సూదితో కుట్టిన బొంతే. ఇక్కడ మాత్రం దాన్ని పన్నెండడుగుల చట్రానికి బిగిస్తారు. గుడ్డ కదలదు, లాంగ్ ఆర్మ్ మిషనే పట్టాల మీద దాని పైన తిరుగుతుంది. కంప్యూటర్లో ఒక గీత పెడితే ఆ గీత వెంటే కుట్టుకుంటూ పోతుంది.

పని చేసేది పదకొండు మంది ఆడవాళ్లు. వాళ్లకు పెద్ద దానమ్మ. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. దానమ్మకు ఆ సామెత ఎప్పుడూ పడలేదు.

మర్నాడు అర్జీ రాసుకొచ్చింది. మేం కుట్టిన బొంత మీద మా పేర్లుండాలి, అంతే. కింద పది సంతకాలు, ఒక వేలిముద్ర. వేలిముద్ర సుగుణమ్మది.

అభినవ్ ఆ కాగితం అటూ ఇటూ చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కాగితాలెందుకు ఆంటీ? ఏదున్నా నోటితో చెప్పండి."

ఇన్నాళ్లూ చెప్పింది నోటితోనే. దానమ్మకు ఒళ్లు మండింది. అతని మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఆ జేబు వైపు ఒకసారి చూసి, మిషన్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంతలో అభినవ్ గీసిన పువ్వుల డిజైను దెబ్బ కొట్టింది. పువ్వు దగ్గర కుట్టు మీద కుట్టు పడి బొంత అట్టకట్టింది. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీ ఎక్కువై, ఒక్క ఉతుకుకే దూది ఉండలు కట్టింది. చేతిలో డెన్మార్క్ ఆర్డరుంది, రెండు వందల బొంతలు. అది పోతే షెడ్డుకు తాళమే.

"డిజైను మేం గీస్తామండి," అంది దానమ్మ. "కుట్టుకీ కుట్టుకీ నాలుగు వేళ్ల ఎడం దాటకూడదు. ఈ అంచున మొదలైన దారం తెగకుండా ఆ అంచుకి చేరాలి. మాకొదిలెయ్యండి."

నెల పట్టింది. తలా ఒక మెలిక గీశారు. గుండ్రాలు, సుడులు, కింద ఆకుల్లాంటి తోకలు. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి. అంతా కలిపి ఒకటే తీగ. బొంతను గోడకు వేలాడదీస్తే కింది నుంచి పైకి పాకినట్టుంటుంది.

అభినవ్ దాన్ని తెర మీద పెద్దది చేసి చూశాడు. చూపు ఒకచోట ఆగింది.

"చాలా బాగుంది ఆంటీ. ఈ చివరిది మాత్రం వంకరపోయింది. సాపు చేసేస్తాను."

"చెయ్యొద్దండి."

"కొంచెమే..."

"అది సుగుణమ్మ గీసింది బాబూ. అరవై దాటిన మనిషి, చెయ్యి నొప్పెడుతున్నా నెల్లాళ్లు దిద్దింది. దాన్ని మీరు ముట్టుకుంటే మేం మిషన్ ముట్టుకోం. పదకొండు మందిమీ."

వెనక పది మందీ చేతులు కట్టుకుని నిలబడ్డారు. అందరికంటే ముందు సుగుణమ్మ. ఆ గడ్డం అంత పైకెత్తడం ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు.

అభినవ్ తగ్గాడు. వంకర వంకరగానే కుట్టారు. రెండు వందల బొంతలూ ఓడెక్కాయి.

రెండు నెలలకు డెన్మార్క్ నుంచి మెయిలొచ్చింది. ఇలాంటి మెలికలు వాళ్లు ఎక్కడా చూడలేదట. ఇంకో ఐదు వందలు కావాలట. డిజైన్లో ఒక్క కుట్టు కూడా మార్చొద్దట.

ఆ సంతోషంలో అభినవ్ తండ్రిని షెడ్డుకు పిలిచి, కుర్చీ వేసి, ఒక బొంత చేతిలో పెట్టాడు.

"మన డిజైనే నాన్నా. కంపెనీ పేరున రిజిస్టర్ చేయిస్తున్నా."

"మా డిజైనండి," అంది దానమ్మ, మిషన్ దగ్గర నుంచే, తల తిప్పకుండా.

పున్నారావు బొంతను ఒళ్లో వేసుకుని, పక్కకు తిప్పి, కళ్లజోడు పెట్టుకుని, తీగ వెంట వేలు జరుపుతూ "దానమ్మ, జెస్సీ, వసుంధర..." అంటూ వరసగా పైకి చదివి, చివరి వంకర మెలిక దగ్గర "సుగుణమ్మ" అని ఆగి, కొడుకు వైపు చూసి అడిగాడు, "ఒరే, నీకు తెలుగు చదవడం రాదని వీళ్లకెవరు చెప్పార్రా?"