కప్పని మచ్చలు

“మచ్చలు కప్పొద్దన్నారమ్మా. బాగా కనిపించాలట,” అంది మేకప్ అక్క, పౌడర్ డబ్బా మూసేస్తూ.

గొంతమ్మ చెయ్యి ముఖం మీదికి పోయింది. కళ్ల చుట్టూ, పెదవుల చుట్టూ ఆమెకు తెల్లమచ్చలు. వాటి పుణ్యమా అని ఇన్నేళ్లూ ఈ చానెల్‌లో ఆమె గొంతే వినిపించింది. తెర మీద కూర్చోబెట్టిన పాపాన ఎవరూ పోలేదు. గొంతమ్మ అన్న పేరు కూడా ఆఫీసువాళ్లు పెట్టిందే.

అలాంటిది ఇవాళ ఎడిటర్ పిలిచి మరీ, “మధ్యాహ్నం వార్తలు నువ్వే చదువు తల్లీ,” అన్నాడు.

తల్లీ అట! నిన్నటిదాకా “ఏమ్మోయ్” అన్న మనిషి.

ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం ఇస్తున్నారో లేదో చూడ్డానికి కమిటీ వస్తోందని ఆమెకూ తెలుసు. తెలిస్తే మాత్రం ఆశ చస్తుందా? ఒక్కసారి జనం చూస్తే చాలు, ఆపైన తనను ఎవరూ తెర వెనక్కి నెట్టలేరు.

కానీ తెల్లనివన్నీ పాలు కావు. రోజూ ఆ వార్తలు చదివే సీనియర్ ఇవాళ సెలవన్నారు. తీరా చూస్తే పూర్తి మేకప్‌తో వరండాలో ఎదురైంది.

“బాగా చదువు చెల్లీ,” అని నవ్వి మరీ వెళ్లింది.

కుర్చీ పోతే నవ్వే రకమా అది? కడుపులో కత్తులు పెట్టుకుంది, ఏదో చెడగొట్టే ఉంటుంది అనుకుంది గొంతమ్మ.

స్టూడియోలో కూర్చోగానే మైకు తీగ లాగి చూసింది. కాగితాలు వరసలో ఉన్నాయో లేదో రెండుసార్లు తిరగేసింది.

“మధ్యలో ప్రాంప్టర్‌లో అక్షరాలు ఆపెయ్యరు కదన్నా?” అని కెమెరామన్‌ని అడిగింది.

“అబ్బే, మేమెందుకు ఆపుతాం?” అన్నాడతను, ఎటో చూస్తూ.

ఆ చూపు ఆమెకు అస్సలు నచ్చలేదు.

అయినా ఏమీ జరగలేదు. ప్రాంప్టర్ ఆగలేదు. మైకు మొరాయించలేదు. నాలుక ఒక్కచోట కూడా తడబడలేదు. అద్దం అవతల కమిటీవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. వార్తలు ముగించి నమస్కారం పెట్టగానే చప్పట్లు కొట్టారు. ఎడిటర్ దగ్గరుండి వాళ్లను సాగనంపాడు.

ఛీ, పాడు బుద్ధి! పాపం, అందరినీ మనసులో ఎంత ఆడిపోసుకున్నాను అని సిగ్గుపడింది గొంతమ్మ. సంతోషం పట్టలేక, బయటికి వచ్చీ రాగానే ఇంటికి ఫోన్ చేసింది.

“అమ్మా, చూశావా?”

“ఏం చూడనే, వార్తలు మొదట్నుంచీ చివరిదాకా రోజూ వచ్చే ఆ అమ్మాయే చదివేసింది, ఇంతకీ నువ్వెప్పుడొస్తావు?”