పుస్తకం చూసే డాక్టరు

“రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పుస్తకం తిరగేస్తారేంటండీ?” సుబ్బరాయుడు నవ్వాపుకోలేకపోయాడు.

డాక్టర్ స్తెఫను తలెత్తలేదు. పేజీ మీద వేలు పెట్టి చదువుతున్నాడు.

జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ కొట్టు సుబ్బరాయుడిది. నందిగామకు పెళ్ళికొస్తే, భార్య పుష్పవతికి కణత నొప్పి ఎక్కువైంది. దగ్గర్లో కనిపించిన ఈ క్లినిక్‌కి తీసుకొచ్చాడు.

“నములుతుంటే దవడ లాగుతోందామ్మా?”

“అవునండీ. సగం అన్నంలోనే లేచిపోతున్నా.”

“తల దువ్వుకుంటే మాడు నొప్పిగా ఉంటోందా?” ఈసారి అడిగింది మూల బల్ల మీద కూర్చున్న పెద్దావిడ. నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది.

కంటి ఆపరేషనయిన పేషెంటేమో అనుకున్నాడు సుబ్బరాయుడు. “సరిపోయింది! ఇక్కడ పేషెంట్లు కూడా వైద్యం చేస్తారా?”

స్తెఫను పుస్తకం మూశాడు. “ఈ మాత్రలు ఇప్పుడే వేయించండి. ఇటునుంచిటే బెజవాడ వెళ్ళండి. ఆలస్యమైతే చూపు పోతుంది.”

“తలనొప్పికి చూపు పోవడమేంటండీ! మా పేట డాక్టరు చెయ్యి పట్టుకోగానే సూదేస్తాడు. పుస్తకం చూసి భయపెట్టడు. లేవే, పోదాం.”

“ఏవండీ, ఆ మాత్రలు...”

“లేవమన్నానా!”

దారిలో చిల్లకల్లు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. పేటలో సూది వేయించాడు. నొప్పి తగ్గింది. కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ పుస్తకం డాక్టరు కథ చెప్పాడు.

వారం తిరక్కుండానే, పొద్దున లేస్తూ పుష్పవతి, “ఏవండీ, కుడికన్ను కనబడట్లేదు” అంది.

బెజవాడలో కంటి డాక్టరమ్మ ఎడమకన్ను కాపాడింది. “కణత రక్తనాళాల వాపు ఇది. నొప్పి మొదలైనప్పుడే వచ్చుంటే రెండూ దక్కేవి” అంది.

తిరుగు దారిలో నందిగామలో దిగుదామంది పుష్పవతి. క్లినిక్ గుమ్మం ముందు సుబ్బరాయుడు ఆగిపోయాడు. పుష్పవతే చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

“ఎడమకన్ను బాగుందా అమ్మా?” బెజవాడ కాగితాలు చూసి స్తెఫను అడిగింది అదొక్కటే.

సుబ్బరాయుడు నేల చూస్తూనే అడిగాడు. “మీరెలా పట్టారండీ?”

“ఆదివారాలు బెజవాడలో మాలాంటి ఫ్యామిలీ డాక్టర్లకి క్లాసులు పెడతారండీ. అరవై దాటాక చేరా. అక్కడ విన్నా. అయినా అనుమానమొస్తే పుస్తకం చూస్తా.”

“ఆ వయసులో మళ్ళీ చదువేంటండీ?”

స్తెఫను మూల బల్ల వైపు చూశాడు.

మూల బల్ల మీంచి పెద్దావిడ లేచింది. గోడ తడుముకుంటూ వచ్చి, పుష్పవతి చెయ్యి వెతికి పట్టుకుంది.

“నాకీ నొప్పి వచ్చినప్పుడు మా ఆయన కూడా సూదే వేశారమ్మా” అంది.