లాంతరు కింద చేప

వాలుగ కాదు. వాలుగైతే మీసాలుంటాయి. బొచ్చె అయితే తలే ముందు కనబడుతుంది. మరి అంత గుండ్రటి మెరుపు, దాని చుట్టూ ఎరుపూ ఆకుపచ్చా కలిసిన అంచు, ఏ చేపకుంటుంది?

సుందర్ రాజు సైకిలు దిగకుండా, ఒక కాలు నేలకు ఆనించి, ఖరిదా బజారులో చేపల గంపల వంక చూస్తున్నాడు. శనివారం రాత్రి చెరువులో కనబడిన ఆ చేప అతన్ని నిద్రపోనివ్వడం లేదు. నిజానికి చేప కూడా కాదు. అది తనకు కనబడి, పక్కనే కూర్చున్న ఆమోసుకు కనబడకపోవడం.

ఆమోసు అతని భార్య స్వర్ణకుమారికి చిన్నాన్న. బొగ్గు ఇంజన్ల నాటినుంచీ గూడ్సు బండ్లు నడుపుతున్న డ్రైవరు. ఇప్పుడు ఆయన డీజిలు ఇంజన్ మీద సుందర్ రాజే అసిస్టెంటు. ఇద్దరిళ్లూ ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టర్లలోనే. డ్యూటీ లేని రాత్రి గాలాలు పట్టుకుని చెరువుకి పోవడం అలవాటు. ఆ శనివారమూ అలాగే వెళ్లారు.

"మావా, సూడు సూడు! లాంతరు కిందే!"

"ఏటిరా?"

"సేప! పళ్లెమంత ఉంది. సుట్టూరా రంగులు..."

ఆమోసు నీళ్ల మీదికి వంగి చాలాసేపు చూశాడు. "దీపం నీడ తప్ప నాకేటీ అగుపించలేదు" అన్నాడు. తర్వాత నీళ్లకేసి కాక అల్లుడి మొహంకేసి చూశాడు. వెంటనే గాలాలు చుట్టేశాడు. చెరువు గట్టు మీద సుందర్ రాజు మోచెయ్యి పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

"గోతులున్నాయిరా" అన్నాడంతే.

ఆ పట్టులోనే సుందర్ రాజుకి అర్థమైంది. రాత్రిపూట మావకి చూపు ఆనడం లేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి. డ్రైవరు తనూ చూసి అదే మాట తిరిగి అనాలి. ఇంజన్ మీద మొదటిరోజే నేర్పే పాఠం అది. ఈమధ్య మావ ఆ వరస పాటించడం లేదు. సుందర్ రాజు నోరు తెరిచేలోగానే "గ్రీన్!" అని అరిచేస్తున్నాడు. దారంతా కంఠస్థం కనక, కళ్లతో పని లేకుండా ధైర్యం చేస్తున్నాడు. అలా గుర్తు మీద అరిచిన గ్రీన్ ఏదో ఒక రాత్రి రెడ్ అవుతుంది. ఎదుటి బండిలో మనుషులుంటారు.

చెబితే ఆయన్ని ఇంజన్ దించేస్తారు. చెప్పకపోతే?

ఇంకో ఆలోచన కూడా ఉంది, అది సుందర్ రాజుకి సిగ్గుగా ఉంది. ఆయన దిగిపోతే ఆ సీటుకి తను ఒక అడుగు దగ్గరవుతాడు. ఈ అనుమానం ఆ ఆశలోంచి పుట్టలేదని నమ్మకమేమిటి? అందుకే ఆ చేపకో పేరు కావాలి. పేరుంటే చేప ఉన్నట్టు. చేప ఉంటే తప్పు మావ కళ్లది, తన మనసుది కాదు.

"దాదా" అని చేపలవాణ్ని పిలిచాడు. "పళ్లెంలా గుండ్రంగా, తెల్లగా. ఏ సేప అది?"

"చితల్" అన్నాడు బెంగాలీ చేపలవాడు, కత్తిపీట మీంచి తలెత్తకుండా.

"సుట్టూ ఎర్రగా, పచ్చగా అంచుంటాదా దానికి?"

ఈసారి తలెత్తాడు. సెటిల్‌మెంటు వాళ్ల బేరాలతో అబ్బిన తెలుగులో, "నీళ్లలో చూసావా దాదా, సీసాలో చూసావా?" అన్నాడు. పక్క గంపలవాళ్లు పగలబడి నవ్వారు.

ఇంటికొచ్చి నుదుటికి బామ్ రాసుకుంటూ కూర్చున్నాడు.

"సేప తెస్తారనుకుంటే పేరైనా తేలేదేటి?" అంది స్వర్ణకుమారి. "మళ్లా తలనొప్పేనా? ఆ నైట్ డ్యూటీలు మిమ్మల్ని తినేస్తన్నాయి."

"స్వర్ణా, మీ సిన్నాన్నకి కళ్లు పోతన్నాయి."

ఆమె చేతిలో చేట కిందపెట్టింది. అంతా విన్నాక, "ఆఫీసులో సెప్పకండి. ముందు ఆయనకే సెప్పండి, ఎదురుగా" అంది.

ఎదురుగా చెప్పడం అతనికి చాతకాలేదు. ఆమోసు ఇంటి గుమ్మంలో నిలబడి, "మావా, ఆస్పత్రి దాకా రాకూడదేటి? కళ్లు సూపించుకుందాం" అన్నాడు. ఎవరి కళ్లో అనలేదు.

కోప్పడతాడనుకున్నాడు. ఆమోసు చొక్కా తొడుక్కుంటూ, "పద. నువ్వెప్పుడంటావా అని సూస్తన్నాను" అన్నాడు.

పెద్దాయన తనకి తానే ఒప్పేసుకుంటున్నాడు.

"ఇంజన్ దించేస్తే ఎలాగ మావా?"

"దించితే దిగాల. దిగినోళ్లు కూడు తినడం లేదేటి?" ఆమోసు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మడిసుండాల్రా ముందు."

చలికాలం పొద్దు. ఆస్పత్రి చేరేసరికే మసక పడింది. కళ్ల డాక్టరు గది బయట బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మావ తరఫున ఏం చెప్పాలో సుందర్ రాజు లోపల్లోపల కూడబలుక్కుంటున్నాడు. నింద వినబడకూడదు. జాలి కూడా వినబడకూడదు.

సిస్టరు తలుపు తెరిచి, వరండాలో దీపం వేసింది.

"పేషెంటు పేరు?"

సుందర్ రాజు లేచి, మావ వైపు చెయ్యి చూపబోయి, దీపంకేసి చూసి ఆగిపోయాడు. ఆమోసు లేవలేదు; చెరువు గట్టు మీద పట్టుకున్నట్టే అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

బల్బు చుట్టూ అవే రంగులు చూస్తూ, సుందర్ రాజు తన పేరు చెప్పాడు.