పేరడగని ఆకు

"రుకోలానా! మఠం తోటలోనా! ముందు నన్ను పూడ్చి, నా మీద నాటండి," అంది మదర్ సెరాఫీనా.

డాక్టర్ బెర్తోల్ది తెచ్చిన రుకోలా ఆకుకూర విత్తనాల పొట్లం బల్ల మీదే ఉండిపోయింది. పక్కన సిస్టర్ లూచీల్లా కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మెట్ల మీద జారింది. ఈ ఏడాది మఠంలో విరిగిన ఎముకల్లో ఇది రెండోది.

"రోజూ గుప్పెడు పచ్చాకు తింటే ఎముకలకి బలం, కళ్లకి మంచిది మదర్. కొరికితే కాస్త మిరియం ఘాటు, అంతేగా!"

"ఆ ఘాటే వద్దంటున్నా. ఒంట్లో కోరికల వేడి పుట్టిస్తుందని, మఠంలో తినకూడదని ఏనాడో మా పెద్దలు నియమం రాసి పెట్టారు. మాకు లెట్యూస్ చాలు. చలవ చేసి నిద్ర పట్టిస్తుంది."

"ఆ నిద్రలోనేగా మెట్లు దిగుతున్నది," గొణిగింది వంట చూసే సిస్టర్ ఓర్తెన్సియా.

"విన్నాను," అంది మదర్. ఎనభై రెండేళ్లొచ్చినా ఆవిడవి పిల్లి చెవులు.

డాక్టర్ గొంతు తగ్గించాడు. "ఇంకొక్కరు పడితే మఠానికి తాళం వేసి, తొమ్మిది మందినీ పట్నంలో వృద్ధాశ్రమానికి పంపుతానన్నారు బిషప్ గారు."

మదర్ మొహం వాడిపోయింది. కిటికీలోంచి గంట గోపురం కేసి చూసింది. రోజూ దాని డెబ్బై మెట్లూ ఎక్కి గంట కొట్టేది ఆవిడే.

"నేనెప్పుడైనా పడ్డానా?"

"లేదు. ఏం తింటారేమిటి?"

"కొండవాలున మొలిచే కలుపు. పేరడక్కండి. రేపట్నుంచి అందరికీ అదే పెడతా."

మర్నాడు చాకుతో కొండ దిగి, ఒడి నిండా ఆకు కోసుకొచ్చింది. ఓర్తెన్సియా కడిగి ఆలివ్ నూనె, ఉప్పు కలిపింది.

"నాలుక చురుక్కుమంటోంది మదర్!"

"చేసిన పాపాలు తలుచుకుని తినండి."

వేసవి పోయింది. ద్రాక్ష కోతలూ అయిపోయాయి. ఒక్కరూ పడలేదు. డాక్టర్ మళ్లీ వచ్చి అందరినీ పరీక్ష చేసి, మఠానికి తాళం వెయ్యక్కర్లేదని బిషప్ గారికి ఉత్తరం రాశాడు.

"చూశారా? మీ రుకోలా లేకుండానే!" మదర్ మురిసిపోతూ మధ్యాహ్నపు గంట కొట్టడానికి బయటికి నడిచింది.

డాక్టర్ ఆవిడ పళ్లెంలోంచి ఓ ఆకు తీసి నమిలాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"ఇది... అడివి రుకోలా!"

"ష్! అందరికీ తెలుసు, పాపం మదర్‌కి తప్ప," అంది ఓర్తెన్సియా. "తెలిస్తే ఈ పూటే మాన్పించేస్తుంది."

డాక్టర్ పగలబడి నవ్వాడు. "వద్దని నియమం పెట్టిన మఠంలో పూటపూటా రుకోలా!"

తలుపు అవతల నుంచి మదర్ గొంతు వినిపించింది.

"మెల్లగా డాక్టరుగారూ, నాకు వినపడితే మాన్పించాలి."