లొంగనన్న జగ్గడు

దానిమ్మరసం నింపిన ప్లాస్టిక్ సీసాలో జగ్గడనే రోగక్రిమి ఉండేవాడు. ఒకడు ఇద్దరై, ఇద్దరు నలుగురై సీసానంతా ఆక్రమించాలని, ఆ రసం తాగినవాళ్లను మంచాన పడేయాలని వాడి పంతం.

అదే సీసాలో తావి అనే చిన్న పరిమళం ఉండేది. "తాగేవాళ్లు నీకేం అపకారం చేశారయ్యా?" అని అడిగింది.

"పులుపుకు జంకలేదు, చలికి జంకలేదు. నన్ను ఆపేవాడు ఇంకా పుట్టలేదు," అన్నాడు జగ్గడు.

ఒక ఉదయం, రసంలోని క్రిములను చంపడానికి సీసాను ఉక్కు గదిలోని నీళ్లలో ముంచి తలుపు బిగించారు. నిప్పు లేదు, మందు లేదు. నీళ్లు మాత్రం అన్ని వైపుల నుంచీ ఒక్కలాగే అదమసాగాయి.

"ఎంతైనా నొక్కుకోండి, నేను లొంగను," అని జగ్గడు బిగుసుకున్నాడు.

ఒత్తిడి ఇంకా పెరిగింది. వాడి ఒంటిపొరకు చిల్లులు పడి, లోపలి జీవరసం బయటికి కారిపోసాగింది. ఒంట్లో పనులన్నీ చేసే మాంసకృత్తులు మడతలు విడిపోయి చతికిలబడ్డాయి. ఇద్దరవుదామని చూశాడు గానీ ఒంట్లో ఏదీ వాడి మాట వినలేదు.

తలుపు తెరిచాక చూస్తే తావి ఎప్పటిలాగే ఘుమఘుమలాడుతోంది.

"ఆ నీళ్లు నిన్నెందుకు వదిలేశాయి?" అన్నాడు జగ్గడు రొప్పుతూ.

"నన్నూ అంతే నొక్కాయి. నేను మరీ చిన్నదాన్ని. నాలో చిల్లులు పడే పొరా లేదు, విడిపోయే మడతలూ లేవు."

"అయినా నేను ఓడిపోలేదు," అన్నాడు జగ్గడు.

మధ్యాహ్నం ఒక పాప మూత తీసింది. "కాచుకో, వస్తున్నా," అన్నాడు జగ్గడు, వినీ వినపడని గొంతుతో. పాప రసమంతా గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, ఆటకు పరుగెత్తింది.