జొన్నల పని

మూతగా కట్టిన గుడ్డ విప్పగానే నాగవ్వకు కళ్లు తిరిగినంత పనైంది. టబ్బు నిండా జొన్నపలుకులు. వాటి నిండా బూజు. బూజులో తెల్లటి పురుగులు, పెళ్లిబంతిలో కూర్చున్నట్టు తీరిగ్గా తింటున్నాయి.

పక్క టబ్బు విప్పింది. అదే వరస. షెడ్డులో ఉన్న టబ్బులన్నీ అంతే.

నాగవ్వ బోథ్‌లో పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. చిన్నకోడలు శ్యామలది భైంసా పక్కన పల్లె. మొగుడితో కలిసి ధర్మపురిలో తమ్ముడి పెళ్లికి పోతూ, ఇంటికి కాపలాగా అత్తను పిలిపించుకుంది. బస్సెక్కే ముందు ఒకటే మాట చెప్పింది.

"చేనుకాడి షెడ్డు పైలం అత్తమ్మా. సోమవారం కంపెనీ సారు చూడనీకి వస్తడు. అన్ని మంచిగుంటె ఏడాది ఆర్డర్ మనకే. లేకుంటె నా పుస్తెలతాడు బ్యాంకులనే ఉంటది."

పుస్తెలతాడు కుదువపెట్టి మరీ ఆ షెడ్డు వేసింది శ్యామల. ఏం పని చేస్తున్నావని ఎవరడిగినా "జొన్నల పని" అనేది. ఇంకా గుచ్చి అడిగితే మాట మార్చేది. ఎందుకు మార్చేదో నాగవ్వకు ఇప్పుడు అర్థమైంది.

పైగా జొన్నల్లో పల్లిపొడి కలిపి ఉంది. పురుగును పిలిచి పీట వేసినట్టే.

"గీ పిల్లకు చాట పట్టుడు గూడ రాదు" అని పెళ్లయిన కొత్తలో నలుగురి ముందు అన్నది నాగవ్వే. శ్యామల ఆ రోజు అన్నం ముట్టలేదు. తన మాటే నిజమైనందుకు సంతోషించాల్సింది పోయి, నాగవ్వకు గుండె తరుక్కుపోయింది. ఈ పురుగులు సారు కంట పడకూడదు. తాను చూసినట్టు కోడలికి కూడా తెలియకూడదు. పాపం, సిగ్గుపడుతుంది.

భైంసా నుంచి ఇబ్రాహీంను పిలిపించింది. గోదాముల్లో ధాన్యానికి గ్యాసు మందు పెట్టడం అతని పని. టబ్బుల్లోకి తొంగిచూసి అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"యా అల్లా! గిన్ని పురుగులు గోదాంల గూడ చూడలే అవ్వా."

"జర మంచిగ చెయ్యి బిడ్డా. ఒక్కటి బతికినా నా కోడలి ఇజ్జత్ పోతది."

"ఫికర్ చెయ్యకు. గుడ్డు గూడ మిగలది."

అతను మాత్రలు పెట్టి, అన్నిటి మీదా టార్పాలిన్ కప్పి, అంచులు మూసేశాడు. తలుపుకు పుర్రెబొమ్మ తగిలించాడు. తాను వచ్చి తెరిచేదాకా అటు ఎవరూ పోవద్దన్నాడు. నాగవ్వ కోళ్లను కూడా పోనివ్వలేదు.

ఇబ్రాహీం వచ్చి, షెడ్డు తెరిచి, గ్యాసంతా పోయిందని చెప్పాక నాగవ్వ పని మొదలైంది. జల్లెడ పట్టింది. చెరిగింది. నడుం పడిపోయినా ఆపలేదు. జొన్నలు మిలమిలా మెరిశాయి. ఇబ్రాహీంకు ఇచ్చింది తన పింఛను పైసలే అయినా ఆమెకు బాధ అనిపించలేదు.

సోమవారం శ్యామల బస్సు దిగేసరికి సారు జీపు వచ్చి ఉంది. అందరూ నేరుగా షెడ్డుకు పోయారు.

సారు ఒక్కో టబ్బులో చెయ్యి పెట్టి చూశాడు. జేబులోంచి భూతద్దం తీసి మళ్లీ చూశాడు. శ్యామల గోడ పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. పిల్ల ఆనందం పట్టలేకపోతోంది అనుకుంది నాగవ్వ.

"ఎంత దేవులాడినా ఒక్క పురుగు దొరకది సారూ" అంది గర్వంగా. "మా శ్యామల పనంటె గట్లుంటది."

సారు భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. శ్యామల వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. చివరికి ఆయనే చెప్పాల్సి వచ్చింది.

"మేం కొనేది జొన్నలు కాదవ్వా, పత్తికి పట్టే చీడను చంపే ఈగలకు మేతగా మీ కోడలు వాటిల్లో పెంచుతున్న పురుగుల్ని."